దొరగారి మేడలో మా చదువులు

గానుగ సున్నం వాసన తగిలితే నా కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఈమధ్య కోఠీలో మా పాత కాలేజీ భవనం చూడడానికి వెళ్లాను. ముందువైపు పెద్ద మెట్లెక్కి గడప దాటగానే ఆ వాసన వచ్చింది. ఏళ్ల తరబడి సాగిన మరమ్మతుల్లో పాత పద్ధతిలో సున్నమే వాడారు. దాని ఘాటు గోడల్లో ఇంకా ఉంది. నల్గొండ జిల్లాలో మా ఊళ్లో తాతయ్య ధాన్యపు కొట్టు కట్టించినప్పుడు ఎద్దుతో గానుగ తిప్పించి, సున్నమూ ఇసుకా నూరించి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ పోయించడం నా కళ్లారా చూశాను. అయినా ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది మా ఊరు కాదు. ఇదే భవనం. వానాకాలం మధ్యాహ్నం, పెచ్చులూడిన గోడ తడిసి, లోపలి పాత సున్నం ఇలాగే వాసన వేస్తుంటే, పొడవాటి ఊచకు వేలాడుతున్న ఫ్యాను కింద చరిత్ర పాఠం వింటున్న మా క్లాసు.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను అక్కడ బి.ఏ. చదివాను. అప్పటికి దాన్ని అందరూ కోఠీ ఉమెన్స్ కాలేజీ అనేవారు. ఇప్పటికీ మా వయసువాళ్లకు అదే పేరు. చరిత్ర పుస్తకాల్లో అది బ్రిటిష్ రెసిడెన్సీ. ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దర్బారుకు వచ్చిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టి కట్టించిన మేడ. అప్పట్లో అది ఊరు కాదు. హైదరాబాదు మూసీకి దక్షిణాన ప్రాకారాల లోపల ఉండేది, ఈ మేడ నదికి ఇవతల తోటల మధ్య ఉండేది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ నక్షా గీశాడు. కట్టించినవాడు కంపెనీ ఉద్యోగి, ఉండబోయేది కంపెనీ ప్రతినిధి, ఖర్చు మాత్రం నిజాంది.

స్థలం ఇచ్చిన తీరు గురించి ఓ కథ ఉంది. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన స్థలాన్ని పెద్ద కాగితం మీద గీయించి తీసుకెళ్తే నిజాం కుదరదన్నాడట. తర్వాత ఎవరో కిటుకు చెబితే, అదే స్థలాన్ని చిన్న కాగితం ముక్క మీద గీసి చూపించాడట. నిజాం వెంటనే సరేనన్నాడట. ముందు చూపించిన నక్షా తన రాజ్యపు పటమంత ఉండేసరికి, అంత భూమి అడుగుతున్నాడని నిజాం బెంబేలెత్తాడని కథ. మా చరిత్ర మేడం ఈ కథ చెప్పిన రోజు క్లాసంతా విరగబడి నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. కంపెనీ వాళ్లు ఈ దేశంలో భూమి సంపాదించిన తీరంతా ఈ కథలో ఉంది, రాసుకోండి అన్నారు.

*

అత్తయ్య ఇల్లు కాచిగూడలో ఉండేది. నేను అక్కడే ఉండి చదువుకున్నాను. ఉదయం బడీచౌడీ మీదుగా నడిచి వచ్చేదాన్ని. కూరగాయల బండ్లు, ఉల్లిపాయల వాసన, అరటిపండ్లవాడి కేకలు, తెరుచుకుంటున్న చీరల దుకాణాల ముందు నీళ్లు చల్లుతున్న కుర్రాళ్లు, ఇరానీ హోటల్లో కప్పులూ సాసర్లూ కడుగుతున్న చప్పుడు, కోఠీ వైపు నుంచి ఒరిగిపోతూ మలుపు తిరిగే ఎర్రటి డబుల్ డెక్కర్ బస్సు. కాలేజీ గేటు దాటి పది అడుగులు వేస్తే ఆ సద్దంతా వెనకబడేది. చెట్లు మొదలయ్యేవి. చెట్లు దాటాక తెల్లటి స్తంభాలు.

మొదటిసారి ఆ స్తంభాలు చూసినప్పుడు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను. తల పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప పైన ఆకుల్లా చెక్కిన పనితనం కనిపించదు. మెట్లకు అటూ ఇటూ రెండు పెద్ద సింహాలు. పైన త్రికోణంలో కంపెనీ వారి చిహ్నం. ఇంత హంగూ ఎందుకు చేశారంటే, వచ్చిన ప్రతివాడూ మెట్ల కిందే చిన్నబోవాలని. మేం మాత్రం ఆ సింహాల పక్కన కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. పులిహోర, జొన్నరొట్టె, మరాఠీ అమ్మాయిలు తెచ్చే పోహా, పాతబస్తీ నుంచి వచ్చే స్నేహితురాలి ఖీమా, అన్నీ ఒకే వార్తాపత్రిక మీదికి చేరేవి. ఓ సింహం తల మీద చెయ్యి వేసి నిలబడితే పరీక్ష బాగా రాస్తామని మా బ్యాచ్‌లో నమ్మకం. మార్చి నెలలో ఆ తల నున్నగా మెరిసేది.

లోపల దర్బారు హాలు. రెండంతస్తుల ఎత్తు, చుట్టూ పైన వసారా, కింద చెక్క నేల. ఆ నేల మీద చెప్పుల చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒకరు నడిస్తే టకటక, యాభై మంది ఒకేసారి నడిస్తే పైన పావురాలన్నీ లేచి రెక్కలు కొట్టుకునేవి. అందుకని పరీక్షల రోజుల్లో చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి రమ్మనేవారు. వట్టి కాళ్లకు ఆ చెక్క చలికాలంలో కూడా వెచ్చగా తగిలేది. వార్షికోత్సవానికి ఆ హాల్లోనే స్టేజీ. బతుకమ్మ పాటలు, గజళ్లు, సుబ్బలక్ష్మిగారి కీర్తనలు, ఓసారి మా ఇంగ్లీషు శాఖ వాళ్లు వేసిన నాటకం. నిజాం మనుషులు, కంపెనీ దొరలు ఎదురెదురుగా కూర్చుని సంధుల గురించి మాట్లాడుకున్న హాలు అది. దాంట్లో మా సీనియర్ ఒకామె మైకు ముందు వరకట్నం మీద మాట్లాడుతూ గొంతు వణికి ఆగిపోయి, మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేసింది. చప్పట్లకు పావురాలు మళ్లీ లేచాయి.

ఇక మెట్లు. ఒక వరుసగా మొదలై సగంలో రెండుగా చీలి, అర్ధచంద్రంలా వంపు తిరిగి పైకెళ్లే మెట్లు. పిట్టగోడ మీది చెక్క కమ్మీ మీద చెయ్యి వేస్తే ఎక్కడా గరుకు తగలదు. ఆ నునుపు వడ్రంగి చేసింది కొంత, చేతులు చేసింది ఎక్కువ. వంపు తిరిగే చోట, బొటనవేలు ఆనే జాగాలో, చిన్న గుంట ఉండేది. ప్రతిరోజూ దిగేటప్పుడు నా బొటనవేలు సరిగ్గా దాంట్లో పడేది. మొన్న వెళ్లినప్పుడు ఆ గుంట కోసం వెతికాను. పాలిష్ కింద, చాలా పలచగా, ఇంకా ఉంది.

*

మేడ వెనకవైపు తోటలో, పొదల మధ్య, ఇంకో చిన్న మేడ ఉండేది. మా నడుమంత ఎత్తు. ఇదే భవనం అచ్చు నమూనా. సున్నంతో చేసింది. స్తంభాలు, మెట్లు, త్రికోణం అన్నీ ఉన్నాయి. మా రోజుల్లో అప్పటికే పెచ్చులూడుతోంది, తొండలు కాపురం పెట్టాయి.

చరిత్ర మేడం ఓ రోజు క్లాసును అక్కడికి తీసుకెళ్లారు. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత వంశానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడిన సంగతి, అది కలకత్తాలో గవర్నర్ జనరల్ దాకా పెద్ద గొడవైన సంగతి చెప్పారు. ఆయన ఇక్కడివాళ్లలా దుస్తులు వేసుకుని, పారశీకం మాట్లాడి, హష్మత్ జంగ్ అని బిరుదు పొందాడు. భార్య కోసం వెనకవైపు జనానా, అంటే ఆడవాళ్ల మేడ, కట్టించాడు. దాని పేరు రంగ్ మహల్. పరదాలో ఉండే ఆమె ముందువైపుకు రాకూడదు కాబట్టి, ఇల్లు ముందు నుంచి ఎలా ఉంటుందో చూపించడానికే ఈ నమూనా చేయించాడని చెప్పుకుంటారు అన్నారు మేడం.

మా క్లాసులో పాతబస్తీ అమ్మాయి ఒకామె ఉండేది. పరదా కట్టిన రిక్షాలో వచ్చి, గేటు పక్క గదిలో బురఖా విప్పి మడిచి సంచిలో పెట్టుకుని క్లాసుకు వచ్చేది. ఆమె అడిగింది. "బేగం సాహెబా అసలు ముందువైపు ఎప్పుడూ చూడలేదా మేడం?"

"అలాగే అంటారు" అన్నారు మేడం. కాసేపు ఆగి, "మీరు వెళ్లి చూసి రండి. ఆ మెట్లెక్కి లోపలికి రండి. నేను క్లాసులో ఉంటాను" అన్నారు.

రోజూ ఎక్కే మెట్లే. అయినా ఆ రోజు మేమంతా మేడ చుట్టూ తిరిగి, ముందుకు వచ్చి, మాట్లాడకుండా ఎక్కాం. పాతబస్తీ అమ్మాయి అందరికన్నా ముందు నడిచింది.

ఖైరున్నీసా కథ చివర చెప్పేటప్పుడు మేడం గొంతు మారేది. 1805లో ఇద్దరు పిల్లల్నీ చదువు పేరుతో ఇంగ్లండుకు ఓడెక్కించారు. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. తను కట్టించిన మేడలో ఆయన ఎంతో కాలం ఉండనేలేదు. ఖైరున్నీసా 1813లో పోయింది. రంగ్ మహల్‌ను తర్వాతి దొరలు పడగొట్టించారు. మేడ మాత్రం ఒక రెసిడెంటు చేతి నుంచి ఇంకో రెసిడెంటు చేతికి మారుతూ వచ్చింది. వాళ్లలో కొందరు ఆ ఆవరణలోని చిన్న శ్మశానంలోనే ఉన్నారు. ఆ సమాధుల మీది రాతలు చదవడం మాకు మధ్యాహ్నపు కాలక్షేపం. చాలావాటి మీద వయసులు మా వయసులకు దగ్గరగా ఉండేవి.

*

ఈ ప్రేమకథ అందరికీ తెలిసింది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆ గోడకు ఇంకో కథ ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వందలమంది రొహిల్లాలతో వచ్చి ఈ రెసిడెన్సీ మీదే దాడి చేశారు. పుత్లీబౌలీ వైపు ఉన్న ఇళ్లలో చోటుచేసుకుని అక్కడి నుంచి కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు తెల్లారేసరికి దాడి చెదిరిపోయింది. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత కాల్చి చంపి, శవాన్ని జనం చూడాలని వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆ తర్వాతే దొరలు గోడలు బలపరిచి బురుజులు కట్టుకున్నారు. కోఠీ బస్టాపు దగ్గర ఆ దాడి చేసినవాళ్ల స్మారకం ఉంది. సాయంత్రాలు మేం బస్సు కోసం దాని నీడలోనే నిలబడేవాళ్లం.

తాతయ్యకు ఆ గోడ బయటివైపు బాగా తెలుసు. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు అప్పట్లో బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో ఉండేవి. 1933లో తిరిగి నిజాంకు వచ్చాకే సుల్తాన్ బజార్ అయ్యాయి. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు కింద ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. రెసిడెన్సీ బజార్లలో అంత బిగింపు లేదు. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఆ పరిసరాల్లోనే నిలదొక్కుకుంది. తాతయ్య కుర్రతనంలో పట్నం వస్తే, పని చూసుకుని, ఆ గ్రంథాలయంలో తెలుగు పత్రికలు చదువుకుని, రెసిడెన్సీ గోడ పక్కనే నడిచి బసకు వెళ్లేవారట. గోడ మీదుగా చెట్ల చివరలు, జెండా తప్ప ఏమీ కనిపించేవి కావట. తెల్లదొర జెండా నీడలో తెలుగు చదువుకోవలసి వచ్చిందే అని చివరిదాకా మథనపడేవారు. అయినా చదువుకున్నాను కదా అనేవారు వెంటనే.

1947లో రెసిడెంటు వెళ్లిపోయాడు. 1948లో నిజాం పాలన ముగిసింది. 1924లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన ఆడపిల్లల కాలేజీని 1949లో ఈ మేడలోకి తెచ్చారు. అంత పెద్ద భవనాన్ని ఏ కార్యాలయానికో అతిథి గృహానికో ఇవ్వకుండా ఆడపిల్లల చదువుకు ఇచ్చినవారికి చేతులెత్తి మొక్కాలి.

అత్తయ్య యాభయ్యో దశకం మొదట్లో అక్కడ చేరింది. చేర్పించడానికి తాతయ్యే స్వయంగా వచ్చారు. పెద్ద మెట్ల దగ్గర ఆగి, చెప్పులు విడిచి, కండువా సవరించుకున్నారట. అటెండరు చూసి "చెప్పులు వేసుకోండి పంతులుగారూ, ఇప్పుడిది కాలేజీ" అన్నాడట. తాతయ్య చెప్పులు వేసుకోలేదు. "దొర ఉన్నా విడిచేవాణ్ణి కాదు. చదువు చెప్పేచోటు కాబట్టి విడుస్తున్నాను" అని చేతిలో పట్టుకునే పైకెక్కారట. ఈ సంగతి అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా అక్కడికి వచ్చేసరికి కళ్లు తుడుచుకునేది.

అత్తయ్య రోజుల్లో గదులకు ఇంకా దొరల కాలపు వాసన ఉండేదట. కొన్ని గుమ్మాలకు పాత తెరలు, కొన్ని గదుల్లో నిలువుటద్దాలు. ఆ అద్దాల ముందు వరసగా నిలబడి జడలు సరిచేసుకునేవాళ్లమని చెప్పేది. పరదా రిక్షాలు అప్పుడు చాలా ఎక్కువ. ఉదయం గేటు ముందు వాటి గంటలు మోగుతుంటే అవతలి వీధికి వినిపించేవట. నా కాలానికి అవి రెండో మూడో మిగిలాయి. నా తర్వాత వచ్చినవాళ్లు ఆ గంటలు విననే లేదు.

*

మేం చదువు ముగించే నాటికే మేడ అలసిపోయింది. వానకు పైకప్పు ఉరిసేది. బల్లల మీద సున్నపు పెళ్లలు రాలితే నోటుబుక్కుతో తుడిచి కూర్చునేవాళ్లం. తర్వాత్తర్వాత గదులు ఒక్కొక్కటీ తాళం పడ్డాయి. క్లాసులు ఆవరణలోని కొత్త భవనాల్లోకి వెళ్లాయి. 2002లో ప్రపంచ స్మారక నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) వారు ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చారని పేపర్లో చదివినప్పుడు, ఎవరో ఒకరు పట్టించుకున్నారన్న సంతోషమే కలిగింది. పని మొదలై సాగడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో ఎప్పుడు కోఠీ వెళ్లినా గేటులోంచి తొంగిచూసి వచ్చేదాన్ని.

2022లో కాలేజీ కాస్తా మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా నిలబడి కాపాడుకున్న ఐలమ్మ. నక్షా చిన్నదిగా గీసి స్థలం రాబట్టుకున్న దొరగారి గేటు మీద, తన గింజలు తనవేనని తేల్చిన మనిషి పేరు. అత్తయ్య ఉండి చూడవలసింది. కిందటేడు పోయింది.

అత్తయ్య పెట్టెలో దొరికిన ఒక ఫోటో పట్టుకునే నేను మొన్న వెళ్లాను. పెద్ద మెట్ల మీద వరసలుగా నిలబడిన అమ్మాయిలు. అందరివీ రెండు జడలు, పొట్టి చేతుల జాకెట్లు. ఒకామె మాత్రం సింహం మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. అంటే మా బ్యాచ్ నమ్మకం మాది కాదన్నమాట! వెనకవైపు అత్తయ్య దస్తూరీలో అందరి పేర్లూ, కొందరి ఊళ్లూ.

సందర్శకులకు భవనం చూపిస్తున్న కుర్రవాడు చక్కగా చెప్పాడు. స్తంభాలు, దర్బారు, ఖైరున్నీసా, 1857, అన్నీ. 1947కు వచ్చి ఆగాడు. "తర్వాత కాలేజీ అయింది" అని ఒక్క వాక్యం చెప్పి మరమ్మతుల్లోకి వెళ్లిపోయాడు. ఆ ఒక్క వాక్యంలో అత్తయ్య ఉంది, నేనున్నాను, బురఖా మడిచి సంచిలో పెట్టుకున్న స్నేహితురాలుంది, డెబ్బై ఏళ్లకు పైగా అక్కడ చదివి టీచర్లు, డాక్టర్లు, ఉద్యోగులు అయినవాళ్లంతా ఉన్నారు. అందరూ వెళ్లాక అతనికి ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. వెనక్కి తిప్పి పేర్లు బయటికి చదివాడు. "ఇలాంటివి నేనెప్పుడూ చూడలేదమ్మా. ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. నిజాయితీగా అన్నాడు. ఫోటోను తన ఫోనులో తీసుకున్నాడు. బొటనవేలి గుంట కూడా చూపించాను, దాన్నీ తీసుకున్నాడు.

అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆ కాలేజీలో మీరు గానీ, మీ అమ్మగారు, అత్తలు, పిన్నులు గానీ చదివి ఉంటే, ఇంట్లో పాత పెట్టెలు ఒకసారి తెరవండి. గ్రూప్ ఫోటోలు, ఐడీ కార్డులు, వార్షికోత్సవం కరపత్రాలు, ఏవైనా సరే. దర్బారు హాలు లోపల తీసిన ఫోటోలు నా దగ్గర ఒక్కటీ లేవు. పైఅంతస్తు గదుల్లో ఏ క్లాసులు జరిగేవో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి. ఫోటో తీసి పంపేటప్పుడు వెనకవైపు కూడా తీయండి. పేర్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి.